చుక్క

తెర మీద చెమట బొట్టు పడితే
ట్యాబ్ వేలి మాట వినదు.
జీడిపూత రాలే ఎండలో, ఢిల్లమ్మ అరుగు మీద,
కవిటి నుంచి వచ్చిన ల్యాబ్ కుర్రాడు
చీటీలు చూసి గబగబా చదువుతూ పోయాడు,
నేను ఎక్కిస్తూ పోయాను.
నీలాద్రి. క్రియాటినిన్. ఒకటి, చుక్క, నాలుగు.
చుక్క పడలేదు.

సాయంత్రం వాటర్ ట్యాంకు మెట్లెక్కి
ఆఖరి మెట్టు మీద చెయ్యెత్తి నిలబడితే
రెండు గీతల సిగ్నలొచ్చింది.
పద్నాలుగు అనుకుంది యంత్రం. ఎర్రబడిపోయింది.
వీడియోలో డాక్టరమ్మ మొహం
సగం గడ్డకట్టి, సగం మాట్లాడుతూ,
"పేషెంటు స్పృహలో ఉన్నాడా?"
చూశాను.
పేషెంటు నాకు సరిగ్గా ఎదురుగా
కొబ్బరిచెట్టు మొవ్వులో ఉన్నాడు,
కత్తి నోట కరుచుకుని.

నవ్వొచ్చే కథే. నేనూ నవ్వాను, మర్నాడు.
ఆ రాత్రి చీటీ కవిటిలో ఉంది,
ట్యాంకు మెట్లకి తాళం ఉంది.
తెల్లారేదాకా మా ఊళ్ళో పద్నాలుగే నిజం.

చెప్పాను కదా, చెప్పకూడదేమో,
ఢిల్లమ్మ ఏడవలేదు.
పెట్టెలోంచి పాసుబుక్కు తీసి పైన పెట్టింది.
గుడ్లు పెట్టే కోడిని కోసింది.
ఉప్పు వెయ్యకుండా వండింది.
"ఏటే ఇది, గడ్డిలాగుంది" అన్నాడు నీలాద్రి.
"తినీ" అంది.
ఆ రాత్రి ఆ సంగతి మీద
వాళ్ళిద్దరూ మాటాడుకున్నది అంతే.

పొద్దున్నే చీటీ తెప్పించి తప్పు దిద్ది
తల దించుకుని నిలబడితే
ఆమె తిట్టలేదు. ట్యాబ్ అందుకుంది.
"ఆ సుక్కేదమ్మా, సూపించు."
చూపించాను. నూగుగింజలో సగం లేదు.
"ఇదేనేటి?"
చాలాసేపు చూసింది,
కోడి ఎక్కడ తప్పిపోయిందో వెతుకుతున్నట్టు.

ఢిల్లమ్మకి అక్షరమ్ముక్క రాదు.
ఇప్పుడు వీధిలో ఎవరి ఫోను టింగుమన్నా
ఆమె దగ్గరికే తెస్తారు.
సుక్కకి ఇటేపు ఏటుంది, అటేపు ఏటుంది.
ఇటేపు ఒకటైతే మజ్జిగిచ్చి కూచోబెడుతుంది.
ఇటేపు ఐదైతే
ఫోను కొంగుతో తుడిచి తిరిగిచ్చేస్తుంది.

కూర్మయ్యకి ఇటేపు ఆరు.
చుక్క సరిగానే పడింది, రెండుసార్లు చూసుకున్నాను.
రీచార్జి లేక ఆ నంబరే ఎండాకాలంలో పోయిందట.
కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసిందట.
ఎక్కడో, కడపో కాకినాడో,
ఎవరో అన్నం తింటూ ఎడంచేత్తో తీసి
కూర్మయ్య కిడ్నీలు చదివి
ఎవడ్రా వీడు అనుకుని చెరిపేసుంటాడు.
తర్వాత ఆ నంబరుకి చేశాను. చాలా తర్వాత.
"రాంగ్ నంబరండీ" అన్నాడు, మర్యాదగానే.
అంకె రాంగ్ కాదు బాబూ అనేలోపు కట్టయింది.

కూర్మయ్య పేరు తీసెయ్యాలంటే
కారణం ఎంచుకోమంటుంది ట్యాబ్.
వలస. నిరాకరణ. మరణం. ఇతరం.
మరణం నొక్కాలి. నాకు తెలుసు.
ఇతరం నొక్కి గడిలో రాయబోయాను,
సగం వాక్యానికే గడి నిండిపోయింది.

ఈ సాయంత్రం మళ్ళీ మెట్ల మీద ఉన్నాను.
నూట పన్నెండు పేర్లు ఎక్కాలి, నలభై ఎక్కాయి.
నా వెనక ట్యాంకు నిండా నీళ్ళు.
నీళ్ళలోనే ఉందంటారు, కాదంటారు,
ఎన్ని సీసాలు పట్టుకెళ్ళారో, తేల్చలేదు.
పైపు జాయింటు దగ్గర కారుతూనే ఉంది,
చుక్క. కాసేపాగి, చుక్క.

కింద టార్చిలైటు పట్టుకుని ఢిల్లమ్మ.
"ఎక్కిందేటమ్మా?"
"ఇంకా లేదు."
"సుక్కలు సూసుకున్నావా?"
"చూసుకున్నాను" అన్నాను.
అని, మొదటి పేరు దగ్గర్నుంచి
మళ్ళీ చూడ్డం మొదలెట్టాను.